ముద్దకొక సేనాధిపతి

మార్కాపురంలో పలకల వ్యాపారం చేసినవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. పలకలు అమ్ముకుంటూ ప్రపంచంలోని సేనాధిపతులందరినీ ఇంట్లో పోగేసినవాడు మాత్రం లక్ష్మీనరసయ్య ఒక్కడే. వేలెడంత ప్లాస్టిక్ బొమ్మలు, మొత్తం అరవై రెండు. గుర్రం మీద నెపోలియన్, ఏనుగు పక్కన హన్నిబాల్, కత్తి దూసిన శివాజీ, గడ్డం నిమురుకుంటున్న చెంఘిజ్ ఖాన్. ఫ్యాక్టరీలో విరిగిపోయిన పలక ముక్కలు తెచ్చి, అరగదీసి, ఒక్కొక్కరికీ ఒక్కో పీట చేశాడు. జోన్ ఆఫ్ ఆర్క్ బొమ్మ పొరపాటున రెండోది వస్తే పారేయబుద్ధి కాక, నుదుట బొట్టు పెట్టి, భుజం మీద ఎర్రరంగుతో కొంగు దిద్ది రాణీ రుద్రమను చేశాడు. హాల్లో టీవీ ఉండాల్సిన చోట అద్దాల బీరువా, అందులో ఈ దండు. టీవీ పడకగదిలోకి తరలిపోయింది.

ఆయన భార్య తులసమ్మకు ఆ బొమ్మలంటే ఒళ్ళుమంట. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆమెకు సవతంటూ ఉంటే అది ఆ బీరువానే. సరుకు కోసం చెన్నై పోయిన మనిషి చీర తేవడం మరచిపోయిన సందర్భాలు ఉన్నాయి కానీ బొమ్మ తేవడం మరచిపోయింది లేదు. ఒక దసరాకు ముందు ఇల్లు దులుపుతూ, పాపం మంచి మనసుతోనే, ఆమె దండునంతా కుంకుడుకాయ రసంలో వేసి రుద్ది కడిగింది. సగంమంది సేనాధిపతులకు మీసాలు పోయాయి. ఆయన అరవలేదు, తిట్టలేదు. మూడు రోజులు ఆమెతో మాట్లాడకుండా సన్నకుంచె పట్టుకుని మీసాలు దిద్దుకుంటూ కూర్చున్నాడు. అంతకంటే రెండు తిట్లు తిట్టినా బాగుండేదని ఆమె ఇప్పటికీ అంటుంది.

అలాంటి బొమ్మలకు తులసమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టుకునే రోజు వచ్చింది.

వేసవి మొదట్లో ఒకరోజు లక్ష్మీనరసయ్య దుకాణంలో పలకల కట్ట ఎత్తబోయి కూలబడ్డాడు. కుడిచెయ్యి పోయింది, కుడికాలు పోయింది, మాట పోయింది. ఒంగోలు ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులు ఉంచుకుని ఇంటికి పంపారు. పంపేటప్పుడు వాళ్ళ కొడుకు అనిల్ కుమార్‌ను, తులసమ్మను డాక్టరు కూర్చోబెట్టి చెప్పాడు. మింగడం వచ్చింది కాబట్టి బతికాడు, మాట మెల్లగా రావచ్చు, రాకపోవచ్చు, నోటితో తినడం మానేస్తే మాత్రం మళ్ళీ ముక్కులో గొట్టం వేయాల్సిందే. ఆసుపత్రిలో గొట్టం ఉన్న రోజుల్లో ఆయన దాన్ని ఎడమచేత్తో రెండుసార్లు పీకేసుకున్నాడు. మూడోసారి పీకకుండా ఆ చేతిని మంచం కడ్డీకి కట్టేశారు. ఉన్న ఒక్క చేతినీ కట్టేస్తే ఆయన నోరు తెరవకుండా ఏడ్చాడు. తులసమ్మ ఆ కట్టు చూసింది, ఆ ఏడుపూ చూసింది. ఇంకోసారి ఆ గొట్టం జోలికి పోకుండా చూడమని కనపడిన దేవుడికల్లా మొక్కుకుంది.

ఇంటికి వచ్చాక చూస్తే ఆయన పళ్ళు బిగించేశాడు. తులసమ్మ ముద్ద పట్టుకుని ఎదురుగా కూర్చుంటే, దుకాణానికి చందా కోసం వచ్చిన మనిషిని చూసినట్టు చూసేవాడు. బతిమాలింది, గదిమింది, ఏడ్చింది. ఆ చూపు మారలేదు. రెండు రోజులు గ్లూకోజు నీళ్ళతో గడిచాయి.

దారి దొరికింది కూతురు తనూజ వల్ల. గిద్దలూరులో కాపురముంటున్న ఆ పిల్ల తండ్రిని చూడటానికి వచ్చి, ఏం తోచక బీరువాలోంచి అలెగ్జాండర్‌ను తీసి ఆయన కళ్ళముందు పెట్టింది.

"ఇదెవురు నాయనా?"

ఆయన పెదవులు ఎడమవైపుకు లాగాయి. "అలె... గ్జాండర్" అన్నాడు.

ఇల్లంతా నిలబడిపోయింది. తనూజ కేకపెట్టి ఏడ్చింది. తులసమ్మ మాత్రం ఏడుపు తరువాత చూసుకోవచ్చని, తెరిచిన ఆ నోట్లో ముద్ద పెట్టేసింది. ఆయన నమిలాడు, మింగాడు. తనూజ హన్నిబాల్‌ను పెట్టింది. "హన్నిబాల్" అన్నాడు, రెండో ముద్ద లోపలికి పోయింది. ఆ పూట పద్నాలుగుమంది సేనాధిపతులు, పద్నాలుగు ముద్దలు.

అదే పద్ధతయిపోయింది. పొద్దున ఇడ్లీ ముక్కకొకరు, మధ్యాహ్నం పప్పన్నం ముద్దకొకరు. మంచం మీద అడ్డంగా పీట వేసి, దాని మీద బొమ్మల్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరినే ముందుకు జరుపుతూ తులసమ్మ తినిపించేది. చదువు ఐదో తరగతితో ఆగిన మనిషి నెల తిరిగేసరికి సలాదిన్ ఎవరో, వెల్లింగ్టన్ ఎవరో తడుముకోకుండా చెప్పగలిగేది. ఏ బొమ్మకు ఏ కూర కలిసొస్తుందో కూడా ఆమె కనిపెట్టింది. బీరకాయ కూర రోజున హైదర్ అలీని మొదట పెట్టకూడదనేది.

పెద్దారవీడు నుంచి గ్రేస్ అనే అమ్మాయి రోజూ ఆటోలో వచ్చి ఆయన కాళ్ళూ చేతులూ ఆడించేది, మాటలు పలికించేది. ఒంగోలులో ఆ పని నేర్చుకుంది. నవ్వుముఖం, గట్టి చేతులు. "పెదనాయనా" అంటూ చేరువై, రెండు నెలల్లో తనూజను చూపించి "పాప" అనిపించింది, కొడుకును చూపించి "అనిల్" అనిపించింది. తులసమ్మను చూపించి, "ఈమె ఎవరు పెదనాయనా?" అని ఎన్నిసార్లు అడిగినా ఆయన మాట్లాడలేదు. ఆమె మొహం మీద చూపు ఒక క్షణం ఆగి, జారి, గోడ మీదికి పోయేది.

"ఇంతమంది పేర్లు గుర్తున్నాయి, అమ్మ పేరు లేదేంది?" అన్నది తనూజ.

"మీ నాయన నా పేరు ఎప్పుడు పిలిచినాడని ఇప్పుడు పిలుస్తాడే? ఏమే అంటే నేను, ఓసేయ్ అంటే నేను. కోపమొస్తే మీ అమ్మకు చెప్పు అని నీతో చెప్పిస్తాడు" అని తులసమ్మ నవ్వేసింది.

అది నిజమే. ఆ ఇంట్లో మొగుడు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడం లేదు, పెళ్ళాం మొగుడి పేరు ఎత్తడం అసలే లేదు. ఎత్తితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని ఆమెకు చిన్నప్పుడే చెప్పి పెంచారు. ఒంగోలు ఆసుపత్రిలో పేషెంటు పేరేమిటని అడిగితే, అంత కంగారులో కూడా ఆమె నోటితో చెప్పకుండా ఆయన ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. కాబట్టి పిల్లల ముందు నవ్వడానికి ఆమెకు సాకు బాగానే దొరికింది. వంటింట్లోకి పోయాక మాత్రం ఆ నవ్వు నిలవలేదు. ఏమే అని అయినా అనడం లేదుగా అని ఆమెకు లోపల గుబులు. నెపోలియన్‌కు ఉన్నపాటి చోటు నాకు లేదా అని స్టవ్ ముందు నిలబడి కళ్ళు తుడుచుకునేది.

శ్రావణంలో కథ అడ్డం తిరిగింది.

ఒక మధ్యాహ్నం చెంఘిజ్ ఖాన్‌ను ముందుకు జరిపితే ఆయన ఊరికే చూశాడు. నోరు తెరవలేదు. తులసమ్మ ఆ బొమ్మను పక్కకు తీసి ఇంకొకరిని పెట్టింది. మర్నాడు చెంఘిజ్ ఖాన్‌తో పాటు సలాదిన్ కూడా పోయాడు. ఆ వారంలో వెల్లింగ్టన్ పోయాడు, సీజర్ పోయాడు, బాజీరావు పోయాడు. అనిల్ ఫోన్ చేస్తే, మెదడు లోపల చిన్నచిన్న దెబ్బలు తగులుతున్నాయి, పైకి తెలియవు, మనం చేయగలిగింది తక్కువ అని డాక్టరు చెప్పాడు. చెంఘిజ్ ఖాన్ ఒక్కడే పోతే తులసమ్మ పట్టించుకునేది కాదు. ఒక పేరు పోతే ఒక ముద్ద పోతోంది. అరవై ఇద్దరిలో నలభైమంది మిగిలారు, తరువాత పాతికమంది, తరువాత పదిహేనుగురు.

తులసమ్మ చేయని ఉపాయం లేదు. ఉన్న పదిహేనుగురినే రెండుసార్లు తిప్పింది. రెండోసారి ఆయన నోరు తెరవలేదు. ముద్దలు తగ్గాయి కాబట్టి ముద్ద పెద్దది చేసింది. అది గొంతుకు అడ్డం పడి ఆయన కళ్ళు తేలేస్తే, గ్రేస్ వీపు మీద చరిచి బయటికి రప్పించింది. పొద్దున్నే పూజగదిలో దీపం వెలిగించి, అటునుంచి అటే హాల్లోకి వచ్చి బీరువా ముందు నిలబడేది. "మిమ్మల్ని తిట్టింది తప్పే. కుంకుడు రసంలో కడిగింది తప్పే. మీ కాళ్ళకు మొక్కుతా, ఆయన్ని విడిచిపెట్టి పోబాకండి" అనేది. మీసాలు దిద్దిన ఆ ప్లాస్టిక్ మొహాలకు ఆమె నిజంగానే మొక్కింది. చూసినవాళ్ళు ఏమనుకుంటారన్న సిగ్గు ఆమెకు ఎప్పుడో పోయింది.

తొమ్మిదిమంది మిగిలిన రోజున ఆమెకు ఇంకో ఆలోచన తట్టింది. రేషన్ కార్డు కోసం ఎప్పుడో తీయించుకున్న తన పాస్‌పోర్టు ఫొటోను ఒక పలక పీటకు అంటించి, హన్నిబాల్‌కూ నెపోలియన్‌కూ నడుమ నిలబెట్టింది.

"అలెగ్జాండర్" అన్నాడాయన. ముద్ద. "హన్నిబాల్" అన్నాడు. ముద్ద. తులసమ్మ ఫొటోను ముందుకు జరిపింది. ఆయన నోటి వంకే చూసింది. పేరు వద్దు, ఏమే అన్నా చాలు, కసురుకున్నా చాలు. ఆయన ఆ ఫొటోను చూశాడు. తరువాత దాని వెనకనున్న గుర్రాన్ని చూసి, "నెపోలియన్" అన్నాడు.

ఆమె ఆ ముద్ద కూడా పెట్టింది. పెట్టి, ఫొటో ఉన్న పీటను కొంగులో కట్టుకుని పెరట్లోకి పోయి, బావిగట్టున కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. గ్రేస్ వెనకే వచ్చింది.

"నేనెవురో ఆయనకు తెలీదు గ్రేసమ్మా. తెలియని మనిషి చేతి కూడు ఎవురు తింటారు? ఆ బొమ్మల మొహం చూసి తింటున్నాడు. అవి పోతే నేనేం జేసేది?" అన్నది తులసమ్మ.

అవి పోవడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. హన్నిబాల్ పోయాడు, శివాజీ పోయాడు, అలెగ్జాండర్ కూడా పోయాడు. చివరకు రుద్రమ ఒక్కతే మిగిలింది. పూటకు ఒక ముద్ద. ఆ ఒక్కటీ తులసమ్మ చేతనైనంత మెత్తగా, నెయ్యి వేసి, ఓపిగ్గా కలిపేది. శుక్రవారం మధ్యాహ్నం రుద్రమను ముందుకు జరిపితే ఆయన కళ్ళు మూసుకున్నాడు.

శనివారం ఏమీ లోపలికి పోలేదు. తనూజ గిద్దలూరు నుంచి బస్సులో వచ్చేసింది. అనిల్ సోమవారం పొద్దునకు ఒంగోలుకు కారు మాట్లాడాడు.

"గొట్టం వేపిచ్చకుంటే ఆకలితో పోతాడమ్మా" అన్నాడు.

"వేపిస్తే చెయ్యి కట్టేస్తారు గదరా" అన్నది తులసమ్మ.

"కట్టేస్తారు. ఏం జేద్దాం మరి?"

కొడుకు మాత్రం ఏం చేస్తాడు, వాడి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి.

ఆదివారం గ్రేస్‌కు సెలవు. అయినా గుళ్ళో ప్రార్థన అయిపోగానే, తెల్లచీర కూడా మార్చుకోకుండా, చంకలో బైబిలు సంచితో మధ్యాహ్నానికి దిగింది. లక్ష్మీనరసయ్య నాడి చూసి, పెదవులు తడిపి, వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చున్న తులసమ్మ పక్కన తానూ చతికిలబడింది.

"గుళ్ళో పెదనాయన కోసరం ప్రార్థన చేపిచ్చినా పెద్దమ్మా. పాస్టరయ్యగారు పేరేందని అడిగితే చెప్పినా."

"మంచిపని చేసినావు తల్లీ."

"మా ఇంట్లో కూడా మొగుడి పేరు ఎత్తరు పెద్దమ్మా. మా అమ్మ బయట మా నాయన్ను ఏమయ్యో అంటది. మోకరించినప్పుడు మాత్రం ఇస్సాకును ముట్టు ప్రభువా అని పేరు పెట్టి అడుగుతది. పేరు చెప్పకుంటే పేటలో ఇంతమందిలో ఎవుర్ని ముట్టాల్నో దేవునికెట్ల తెలుస్తది అంటది." గ్రేస్ బైబిలు సంచి ఒళ్ళోకి తీసుకుంది. "ఒంగోల్లో మాకు నేర్పిచ్చిన మేడమ్ ఒకమాట అనేది. అన్ని పేర్లు పోయినాక కూడా మనిషికి తన పేరు మిగిలుంటదంట. నువ్వొక్కసారి పెదనాయన్ను పేరు పెట్టి పిలువు. నేను పిలిస్తే పలకలేదు. పాప నాయనా అంటది, అనిలన్న నాయనా అంటాడు. పేరు పెట్టి ఇంట్లో మనిషి పిలవాల."

తులసమ్మ ఉలిక్కిపడింది. "ఛీ ఛీ, ఏం మాటలే అవి? మొగుణ్ణి పేరు పెట్టి పిలిచేదా? ఆయుష్షు తగ్గుతది."

అన్నాక తులసమ్మకే ఆ మాట ఎంత బోలుగా ఉందో వినపడింది. రేపు పొద్దున కారు వస్తుంది. ఏ ఆయుష్షు తగ్గిపోతుందని ఇంకా దాచిపెట్టుకోవాలి? నలభై ఒక్క ఏళ్ళు ఆ పేరు నోట్లో పడకుండా కాపాడుకుని ఆమె సాధించింది మంచం మీద కనిపిస్తూనే ఉంది. ఆ పాపమేదో నాకే తగలనీ అనుకుని ఆమె లేచింది.

పెరుగన్నంలో పాలు పోసి మెత్తగా పిసికి కలిపింది. ఎవరూ రావద్దని చెప్పి గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసింది. బొమ్మలు వేటినీ తీసుకుపోలేదు. లక్ష్మీనరసయ్య కిటికీ వైపు మొహం పెట్టి పడుకుని ఉన్నాడు. దవడలు లోపలికి పోయి, గడ్డం నెరిసి, ఆయన ఎవరో ముసలి బంధువులా కనిపించాడు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

"ల..." అన్నది. నోరు పెగల్లేదు. తలుపు వైపు చూసింది, ఎవరూ లేరు. "లక్ష్మీ..." అన్నది. అక్కడిదాకా అమ్మవారి పేరే కాబట్టి తప్పులేదు. మిగతా సగమే గొంతులో అడ్డం పడింది. పెళ్ళినాటి మూడు ముళ్ళూ గొంతు చుట్టూ బిగుస్తున్నట్టు అనిపించింది. కళ్ళు మూసుకుని, ఒక్క ఊపిరిలో, "లక్ష్మీనరసయ్యా!" అన్నది.

చచ్చిపోలేదు ఎవరూ. ఆయన అలాగే పడుకుని ఉన్నాడు.

"లక్ష్మీనరసయ్యా" అన్నది మళ్ళీ, ఈసారి కొంచెం గట్టిగా, పనిలో ఉన్న మనిషిని అన్నానికి పిలిచినట్టు.

ఆయన తల కదిలింది. కిటికీ నుంచి మెల్లగా ఇటు తిరిగింది. ఐదు నెలలుగా ఆమె మీది నుంచి జారిపోతున్న ఆ చూపు ఇప్పుడు వచ్చి ఆమె మొహం మీద ఆగింది. ఆగి, అక్కడే ఉండిపోయింది. ఆ కళ్ళల్లో నీళ్ళు ఊరాయి. పెదవులు ఎడమవైపుకు లాగాయి.

"అమ్మా" అన్నాడు.

తులసమ్మ వెనక్కి తిరిగి చూసింది. గదిలో ఇంకెవరూ లేరు. తలుపు వేసే ఉంది. ఆయన ఎడమచెయ్యి పాకుతూ వచ్చి ఆమె కొంగు పట్టుకుంది.

"అమ్మా... ఆకలి" అన్నాడు.

అప్పుడు ఆమెకు అర్థమైంది. ఈ ఇంట్లో ఆయన్ని ఆ పేరుతో పిలిచిన ఆడమనిషి ఒక్కతే ఉండేది. ఇరవై రెండేళ్ళ కిందట పోయిన ఆయన తల్లి, తన అత్త. పొద్దుగూకేదాకా దుకాణంలో కూర్చున్న కొడుకును వాకిట్లో నిలబడి అన్నానికి అలాగే పిలిచేది.

ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి ఆయన తనను గుర్తుపట్టాలని ఆమె ఇన్నాళ్ళూ దేవుడి కాళ్ళూ పట్టుకుంది, ప్లాస్టిక్ కాళ్ళూ పట్టుకుంది. ఈ పూట అందరికంటే దగ్గరగా, కొంగు పట్టుకుని మరీ ఆయన గుర్తుపట్టాడు, గుర్తుపట్టింది ఆమెను కాదు. నేను మీ అమ్మను కాదండీ, తులసిని, మీతో నలభై ఒక్క ఏళ్ళు ఉన్నదాన్ని అని అరవాలనిపించింది. ఆ మాట అంటే ఈ నోరు మూసుకుంటుందని ఆమెకు తెలుసు. రేపు కారు ఎక్కాక ఈ కొంగు పట్టుకున్న చేతినే కట్టేస్తారు.

ఆమె ఏడుపును మింగింది.

"ఆ, వచ్చినా నాయనా. ఇదిగో, నోరు తెరువు" అన్నది.

ఆయన తెరిచాడు. పిల్లవాడిలాగా పెద్దగా తెరిచాడు. ఒక ముద్ద పోయింది, రెండో ముద్ద పోయింది. నమలడం ఆలస్యమవుతోంది కానీ మింగుతున్నాడు. కొంగు వదలలేదు. ఆమె ఒక చెయ్యి ముద్ద కలుపుతోంది, రెండో చెయ్యి కొంగు పట్టుకున్న ఆయన చేతి మీదే ఉండిపోయింది, కళ్ళ వెంట నీళ్ళు పోతున్నా తుడుచుకోలేదు.

తలుపు అవతల తనూజ గొంతు వినిపించింది. "అమ్మా, తింటున్నాడా? నాయన నిన్ను గుర్తుపట్టినాడా?"

తులసమ్మ ఆయన గడ్డం మీది మెతుకు తీసింది.

"పట్టినాడులే. నువ్వు లోపలికి రాబాక" అన్నది. ఇంకో ముద్ద కలిపి ఆయన పెదవుల దగ్గర పెట్టి, "లక్ష్మీనరసయ్యా, ఇంగొక్కటి తిను నాయనా" అన్నది. ఈసారి పేరు గొంతులో అడ్డం పడలేదు.